అమానతు మోసే కణం
(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పరీక్షలో కణం బొమ్మ గీసి కేంద్రకం, మైటోకాండ్రియా అని పేర్లు రాస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. ఆ రెండూ లేని కణం మన ఒంట్లోనే ఉంది. అదే ఎర్ర రక్తకణం. ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఎర్ర కణం ఎముక మజ్జలో పుడుతుంది. ఎదిగే క్రమంలో కేంద్రకాన్ని, మైటోకాండ్రియాను వదిలేస్తుంది. మిగిలిన చోటులో హిమోగ్లోబిన్ నిండుతుంది. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి. ఒక్కో అణువు నాలుగు ఆక్సిజన్ అణువులను మోయగలదు. మైటోకాండ్రియా లేదు కనుక ఆ కణం తాను మోసే ఆక్సిజన్‌ను తాను వాడుకోదు. ఆక్సిజన్ అక్కరలేని పద్ధతిలో గ్లూకోజ్ నుంచి శక్తి తీసుకుంటుంది. అమానతును ముట్టకుండా హక్కుదారుకు చేర్చడమంటే ఇదే కదా!

ఈ రక్తం నడిచే దారి గురించి ఒక మాట. గుండె మధ్య గోడలోని కనిపించని రంధ్రాల గుండా రక్తం కుడి నుంచి ఎడమకు వెళ్తుందని పూర్వం గేలెన్ చెప్పాడు. వైద్యులు వందల ఏళ్లు అదే నమ్మారు. 13వ శతాబ్దంలో డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్ ఆ గోడలో దారి లేదన్నారు. రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమ వైపుకు చేరుతుందని రాశారు. ఎంత పెద్దవారి మాటైనా పరిశీలించి ఒప్పుకోవాలని మనం ఆయన దగ్గర నేర్చుకోవాలి.

ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలి కణాలు ప్లీహంలో, కాలేయంలో విరిగిపోతాయి. వాటిలోని ఇనుమును శరీరం పారేయదు, కొత్త కణాలకు వాడుకుంటుంది. మజ్జ సెకనుకు దాదాపు 20 లక్షల కణాలను తయారు చేస్తుంది. ఇనుము చాలకపోతే ఆ పని కుంటుపడుతుంది. అదే రక్తహీనతకు ముఖ్య కారణం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఎదిగే వయసు, పైగా నెలనెలా రక్తం పోతుంది. మెట్లెక్కితే ఆయాసం, చదివింది తలకెక్కకపోవడం చూసి మనం బద్ధకమని తిడతాం. అమ్మా, తిట్టే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి. ఆ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. తోటకూర, పప్పులు, మాంసం, కార్జం పెట్టండి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే ఒంటబట్టదు, గంటసేపు ఆగండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పారేయకండి. దానివల్ల మలం నల్లబడితే భయపడకండి. మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే డాక్టరును కలవండి, తలసేమియా పరీక్ష అవసరమా అని అడగండి.

ఇంకొక్క మాట. చాలా ఇళ్లలో ఆడపిల్ల అందరి తర్వాత, మిగిలింది తింటుంది. దస్తర్‌ఖాన్ మీద ఆమెకూ మొదటే, సమానంగా వడ్డించండి. మన శరీరం కూడా అల్లాహ్ మనకిచ్చిన అమానతే.