పాదంలో పుండా, చీము గడ్డా? కోడ్ మారిపోద్ది!

అమెరికా చార్టులు చూసే మన హైదరాబాద్ మెడికల్ కోడర్ల కోసం ఈ ఎపిసోడ్.

పేషెంట్‌కి టైప్ 2 షుగర్, పాదం మీద పుండు. ఐసీడీ-10-సీఎంలో ముందు ఈ11.621, తర్వాత పుండు ఎక్కడుంది, ఎంత లోతు అని చెప్పే ఎల్97 కోడ్.

అదే చీము గడ్డ అయితే? కుడి పాదానికి ఎల్02.611, ఎడమకి ఎల్02.612.

అసలు మెలిక ఇక్కడే. పుండుకి, షుగర్‌కి లింక్ కోడ్ బుక్కే ఇస్తుంది, డాక్టర్ కాదంటే తప్ప. గడ్డకి మాత్రం డాక్టరే రాయాలి. రాస్తే ముందు ఈ11.628 పెడతాం. క్లియర్‌గా లేకపోతే ఊహించొద్దు, క్వెరీ పంపండి.

నేను సాఫ్ట్‌వేర్‌లో రాసిన కోడ్ తప్పైతే ఎర్రర్ వచ్చేది. ఇక్కడ చివరి అంకె మారితే, ఒక మనిషి రికార్డులో కుడి కాలు ఎడమ కాలైపోతుంది. చార్ట్ మొత్తం చదివాకే సబ్మిట్ కొట్టండి. బై!