గేరుబాక్సు మరమ్మతు ఖర్చులు

తిరుమల కొండకు తొలి మోటారు బాట 1944లో ఏర్పడినది. 1974లో రెండవది వచ్చిన పిమ్మట పాతబాట దిగువారికిని, కొత్తబాట ఎక్కువారికిని వాడుకయైనది. కొత్తబాట నిడివి 18 కిలోమీటర్లు మాత్రమే. అయినను, మైదానమున వందలకొలది కిలోమీటర్లు అలుపులేక పరుగెత్తి వచ్చిన కారు ఈ కొద్ది దూరములో మొరాయించుట మా తిరుపతివారికి కొత్త దృశ్యము కాదు. అలిపిరి తనిఖీ కడ బండ్లు బారులు తీరినప్పుడు డ్రైవరు క్లచ్చి పెడలును సగము నొక్కి, సగము వదలి, బండిని అంగుళమంగుళముగా జరుపుచుండును. క్లచ్చిప్లేటు పూర్తిగా పట్టక, పూర్తిగా వదలక, ఆ రాపిడిలో కాలుచుండును. ఆ పిమ్మట కొండ. బండిలో ఏడుగురు మనుషులు, నెత్తిన సామాను. ఇక చిత్తూరు నుండి పలమనేరు పోవు దారిలో మొగిలి ఘాటు, తిరుపతి నుండి పీలేరు పోవు దారిలో భాకరాపేట ఘాటు ఉండనే యున్నవి.

గేరుబాక్సు చెడుటకంటె దాని బిల్లే ఎక్కువ బాధించునని అనుభవజ్ఞులెరుగుదురు. ఉదయము ఆరువేలన్న పని మరునాటి సాయంత్రమునకు నలువదివేలగును. యజమాని మెకానిక్కును మోసగాడనును. మెకానిక్కు యజమానిని పిసినారి యనును. ఇరువురి మాటలలోను కొంత నిజముండవచ్చును గాని, అసలు చిక్కు ఆ పెట్టెలోనే యున్నది.

మా తాతల కాలమున ఎడ్లబండి చెడినచో, ఆకు విరిగినదో, ఇరుసు అరిగినదో, ఇనుప పట్టా వదులైనదో వడ్రంగితోపాటు రైతునకును కనబడెడిది. ధర చెప్పువాడును, ఇచ్చువాడును ఒకే వస్తువును చూచుచు బేరమాడెడివారు. గేరుబాక్సు అట్టిది కాదు. పోతపోసిన పెట్టెలో, నూనెలో మునిగి, పండ్లచక్రములు, సింక్రో రింగులు, బేరింగులు, ఫోర్కులు ఉండును. దానిని దింపి విప్పినగాని ఏది పోయినదో ఎంతటి పనిమంతుడును నిశ్చయముగా చెప్పజాలడు. “విప్పి చూస్తేగాని ఏమీ చెప్పలేను సామీ” అని మెకానిక్కు అన్నచో, ఆ మాట నిజమే. కాని విప్పిన తరువాత యజమానికి బేరమాడు శక్తి పోవును. ముక్కలుగా నేలపై పరచిన బండిని వేరొక షెడ్డునకు ఎట్లు కొనిపోవును?

విప్పకముందే గమనింపదగిన లక్షణములు కొన్ని కలవు. ఇంజను ఆపియున్నప్పుడు గేర్లు సులభముగా పడి, నడుచుచున్నప్పుడు మాత్రము పడకున్నచో, దోషము సాధారణముగా క్లచ్చి వదలకపోవుటలో నుండును. కేబులు వదులగుటో, క్లచ్చి నూనె కారుటో కారణము కావచ్చును. పెట్టెను విప్పనక్కర లేకపోవచ్చును. ఇంజను గట్టిగా అరచుచు బండి ముందుకు సాగక, కాలిన వాసన వచ్చినచో, క్లచ్చిప్లేటు జారుచున్నదనుకొనవచ్చును. పెడలు నొక్కినప్పుడు మాత్రమే గరగర వినబడినచో రిలీజు బేరింగుపై అనుమానము. నొక్కగానే ఆ ధ్వని ఆగిపోయినచో గేరుబాక్సు లోపలి బేరింగుపై అనుమానము. వేసిన గేరు దానంతటదే ఊడివచ్చుచు, బయటి లింకేజి సరిగానే యున్నచో, అప్పుడు విప్పక తప్పదు. షెడ్డునకు పోయి “గేరుబాక్సు పోయింది” అనుటకంటె ఈ లక్షణములను చెప్పుట మేలు. రోగి వైద్యునకు తన బాధ చెప్పును గాని రోగము పేరు చెప్పడు గదా!

బిల్లు పెరిగిన ప్రతిసారియు మోసమనుకొనరాదు. ఒక చిన్న రబ్బరు సీలు మార్చవలసినను గేరుబాక్సు దింపవలసియుండవచ్చును. ఆ దింపి యెక్కించు కూలియే అసలు ఖర్చు. ఎటులను దించితిమి గనుక, అరిగిన క్లచ్చిప్లేటును, రిలీజు బేరింగును కూడ మార్చుదమని మెకానిక్కు అన్నచో, ఆరునెలలకు మరల అదే కూలి ఇచ్చుకొనుటకంటె వినుటయే లాభము. అయితే అరిగినదని చూపించవలయును. ఆటోమాటిక్ కార్ల సంగతి ఇంతకంటె కష్టము. అనేక షెడ్లలో లోపలి భాగము బాగుచేయు నేర్పుగాని పరికరములుగాని లేక మొత్తము యూనిట్టునే మార్చుదమందురు. అది కారు వెలలో గణ్యమైన భాగమగును. అట్టి సందర్భమున మరియొక చోట విచారింపక ఒప్పుకొనరాదు. బీమా ఆదుకొనునను ఆశయు వలదు. యంత్రము తనంత తాను చెడుట, అరుగుట సాధారణ మోటారు బీమా పాలసీలో చేరవు.

గత వేసవిలో మాకు తెలిసిన కుటుంబమొకటి అనంతపురము వైపు నుండి దర్శనమునకు వచ్చినది. కొండ దిగిన పిమ్మట గేర్లు పడలేదు. ఒక షెడ్డులో ఆరువేలన్నారు. మరునాడు పోయి చూడగా పెట్టె విప్పి యున్నది, నలువది రెండువేలన్నారు. పిల్లలు సత్రములో నున్నారు, గది గడువు ముగిసినది, ఇంటాయన సెలవు ముగిసినది. అడిగినంత యిచ్చినారు. తీసివేసిన భాగములేవని మేము పోయి యడుగగా, “తుక్కుకు వేసేసినాం” అని జవాబు. అవి నిజముగా అరిగినవేమో, ఏమో! చూపుటకిప్పుడు ఏమియు లేదు.

కావున ఒప్పందము రెండు మెట్లుగా జరుగవలయును. మొదటి మెట్టున, దింపి విప్పి చూచుటకు ఎంత, పని వలదన్నచో తిరిగి బిగించి యిచ్చుటకు ఎంత యని అడిగి కాగితముపై వ్రాయించుకొనవలయును. ఈ రెండవ సంగతిని అడుగువారు అరుదు. బేరమాడు శక్తిని నిలుపునది అదియే. విప్పిన తరువాత పోయి చూచి, ఏ భాగము, కంపెనీదా కాదా, వెల యెంత, కూలి యెంత యని వేరువేరుగా వ్రాయించి, అటుపిమ్మట ‘చేయుము’ అనవలయును. ఫోనులో సందేశముగా పంపించుకొన్నను సాక్ష్యమే. పన్నుతో కలిపి చెప్పిరా యనియు అడుగవలయును. 2025 సెప్టెంబరు 22 నుండి విడిభాగములపై పన్ను 18 శాతము, కూలిపైనను అంతే. ముప్పదివేలన్నది 35,400 అగుట అక్కడనే. పాత భాగములను గోనెసంచిలో వేసి యిమ్మని ముందే చెప్పవలయును.

ఇంత చేసినను తగవు వచ్చినచో బండిని బలవంతముగా తీసికొనిపోవ యత్నింపరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను ప్రకారము, చేసిన పనికి తగిన కూలి ముట్టువరకు వస్తువును తనయొద్ద నుంచుకొను హక్కు పనివానికి కలదు. బిల్లుపై ‘అభ్యంతరముతో చెల్లించితిమి’ అని వ్రాసి, చెల్లించి, బండిని విడిపించుకొనుట మంచిది. పని చేసి బిల్లు ఇయ్యకపోవుట 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. తెలుపవలసిన సంగతిని కావాలని దాచుట సేవాలోపము. టాక్సీ తానే నడుపుకొని బ్రదుకువాడును ఈ చట్టమున వినియోగదారుడే. షెడ్డులో బండి నిలిచిన ప్రతిదినము కూలి పోయి, అప్పు కంతు మాత్రము ఆగని అట్టివానికి ఈ సంగతి ముఖ్యము. మొదట 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. అచ్చట తేలనిచో చిత్తూరులోను, తిరుపతిలోను జిల్లా కమిషనులు కలవు. చెల్లించిన మొత్తము ఐదు లక్షలకు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు, గడువు రెండేండ్లు. బండి చెడిన ఊరిలోనే ఫిర్యాదు చేయవలయునను నియమమును లేదు. వరంగల్లు నుండి వచ్చిన యాత్రికుడు ఇంటికి చేరి, బిల్లును, గోనెసంచిని వెంటగొని, వరంగల్లులోనే ఫిర్యాదు దాఖలు చేసికొనవచ్చును.