తాడు విప్పకముందే తేల్చుకోవాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు నెల క్రితం ఫోన్ చేసి, "నువ్వు చిన్న విమానం నడుపుతావట కదా, దాని గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పు" అన్నారు. వృత్తిరీత్యా నేను మెకానికల్ ఇంజనీరుని. విమానం నడపడం నా ఉద్యోగం కాదు, సరదా. టెక్సాస్‌లో స్థిరపడ్డాక, నలభై దాటిన వయసులో ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాను. నాలుగు సీట్ల సెస్నా 172 అద్దెకు తీసుకుని సెలవు రోజుల్లో నడుపుతుంటాను.

ఆ సరదా పుట్టింది ఇక్కడే. మా మేనమామ గారిది తాడేపల్లిగూడెం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్ళు వేసిన రన్‌వే అక్కడ ఉందని మీకందరికీ తెలుసు. వేసవి సెలవుల్లో నేను దాని మీదే సైకిల్ నేర్చుకున్నాను. విమానం ఒక్కటీ వచ్చేది కాదు. అయినా ఆ చివర నుంచి ఈ చివరకు తొక్కుతూ నోటితో ఇంజను శబ్దం చేసేవాణ్ణి.

జాగ్రత్త నేర్పింది మాత్రం మా తాతగారు. ఆయనది కొల్లేటి లంక ఊరు. చలికాలం పొద్దున్నే సరస్సు మీద మంచు పరుచుకుంటే, అవతలి ఒడ్డున ఎంత పనున్నా ఆయన దోనె తాడు విప్పేవారు కాదు. నేను గొడవ చేస్తే, "మంచులో గట్టు ఎటుందో తెలియదురా. ఎండ రానీ, పోదాం" అనేవారు. అప్పుడు అది చాదస్తం అనిపించేది.

2002 మార్చి 3, ఆదివారం. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు ఉదయం భీమవరం నుంచి హైదరాబాద్‌కు చిన్న హెలికాప్టర్‌లో బయలుదేరారు. మన కొల్లేటి అంచునే, కైకలూరు దగ్గర అది కూలిపోయింది. స్పీకర్ గారు, ఆయన భద్రతాధికారి, పైలట్ ముగ్గురూ మరణించారు. కైకలూరు అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు మన ఏలూరు జిల్లాలో ఉంది. ఈ సభలో పెద్దవాళ్ళకు ఆ ఉదయం బాగా గుర్తుండే ఉంటుంది.

చూపు సరిగా ఆనని వాతావరణంలో, కింద గట్టి నేల ఉందనుకుని పైలట్ దిగబోయారని విచారణలో తేలింది. తీరా కింద ఉన్నది చేపల చెరువు. అది గమనించి మళ్ళీ పైకి లేపబోయేలోగా తోక వైపు రెక్కలు చెరువు దగ్గరున్న కాంక్రీటు స్తంభానికి తగిలాయి.

పోయినవారిని తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఆ రోజు అందరిలాగే నేనూ టీవీ ముందు కూర్చుని బాధపడ్డాను. అంత అనుభవజ్ఞులకు నీళ్ళకూ నేలకూ తేడా తెలియకపోవడం ఏమిటనుకున్నాను. జవాబు నాకు పైలట్ శిక్షణలో దొరికింది.

మనం ఎత్తును అంచనా వేసేది కింద కనిపించే వస్తువుల పరిమాణాన్ని బట్టి. చెట్టు, గడ్డి, మనిషి, పశువు, ఏదో ఒకటి కంటికి ఆనాలి. గాలి లేని ఉదయం చెరువు నీరు అద్దంలా ఉంటుంది. పైన మంచు, కింద మంచు రంగే ఉన్న నీరు. అది పది అడుగుల దూరంలో ఉందో, వంద అడుగుల దూరంలో ఉందో కన్ను చెప్పలేదు. నీళ్ళ మీద దిగే విమానాల పైలట్లకు దీనికోసం ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారు. ఇక మన ప్రాంతంలో తేమకు కొదవ లేదు. ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిపోయిన చలి రాత్రి నేల చల్లబడితే తెల్లవారేసరికి పొగమంచు తయారు. గాలి ఉష్ణోగ్రతకూ మంచు బిందువుకూ తేడా రెండు మూడు డిగ్రీలకు తగ్గిందంటే పైలట్ జాగ్రత్త పడాలి.

రెండో సంగతి మన చెవిలో ఉంది. లోపలి చెవిలోని ద్రవం మన శరీరం ఎటు తిరుగుతోందో మెదడుకు చెబుతుంది. విమానం నెమ్మదిగా ఒకే తీరున తిరుగుతుంటే కాసేపటికి ఆ ద్రవం కూడా దానితో సమానంగా కదిలి, తిరగడం లేదనే కబురు పంపుతుంది. బయట ఏమీ కనపడకపోతే పైలట్ తిన్నగా వెళ్తున్నాననే అనుకుంటూ సుడి తిరుగుతూ కిందికి దిగిపోతాడు. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, కేవలం పరికరాలు చూసి నడపడంలో అనుభవం లేని 20 మందిని మేఘంలో ఉన్నట్టే బయట కనపడకుండా చేసి పరీక్షించారు. 20 మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన కాలం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు.

ఇవన్నీ చదివి, పరీక్ష రాసి పాసైనవాణ్ణి నేను. అయినా తప్పు చేశాను.

కొన్నేళ్ళ క్రితం మిత్రుడి ఇంట గృహప్రవేశానికి వెళ్తున్నాను. రెండు గంటల ప్రయాణం. విమానంలో మరో మిత్రుడు, పదేళ్ళ వాళ్ళబ్బాయి ఉన్నారు. ముహూర్తం పదకొండుకు. దారిలో మేఘాలు తక్కువ ఎత్తులో ఉండవచ్చని పొద్దున్న సూచన చూశాను. "వెళ్ళేసరికి విడిపోతాయిలే" అని నాకు నేనే చెప్పుకున్నాను. గంట తర్వాత మేఘం దిగుతుంటే, దాని కింద ఉండటానికి నేనూ దిగాను. 3,000 అడుగుల నుంచి 2,000, అక్కడి నుంచి 1,200. ఒక్కసారి ఎవరూ అంత కిందికి దిగరు. కొంచెం కొంచెంగా దిగుతారు. ప్రతి కొంచెమూ ఫర్వాలేదనే అనిపిస్తుంది.

అప్పుడు వెనక సీట్లోంచి ఆ అబ్బాయి, "అంకుల్, ఇందాక ఆ నీళ్ళ ట్యాంకు కనిపించింది కదా, ఇప్పుడేది?" అన్నాడు. చూశాను, లేదు. ముందంతా బూడిద రంగు. నా అరచేతులు తడిసిపోయాయి. పరికరాల మీదే చూపు పెట్టి, నెమ్మదిగా వెనక్కి తిప్పాను. మేం దాటి వచ్చిన చిన్న విమానాశ్రయంలో దిగి, కారు అద్దెకు తీసుకుని మధ్యాహ్నం మూడింటికి చేరాం. ముహూర్తం దాటిపోయింది. భోజనాలు కూడా అయిపోయాయి.

ఆ రోజు ఇంజను బాగుంది, ఇంధనం సరిపడా ఉంది. పాడైంది నా నిర్ణయం ఒక్కటే. అది కూడా గాలిలో పాడవలేదు. ముహూర్తానికి వస్తానని మాట ఇచ్చి, రెండో దారి ఏదీ పెట్టుకోకుండా ఇంట్లోంచి బయలుదేరినప్పుడే పాడైంది.

అందుకే ఇప్పుడు నాకు మూడు నియమాలు. ఒకటి, నా హద్దులు ముందే కాగితం మీద రాసుకుంటాను. పగటి పూట చాలాచోట్ల మూడు మైళ్ళ చూపు ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. నాకు ఎనిమిది మైళ్ళు కావాలి, మేఘం 3,000 అడుగుల పైన ఉండాలి. అంతకు తగ్గితే వెళ్ళను. గాల్లో ఉండగా ఆ అంకెలు మార్చను. రెండు, ఎక్కడ వెనక్కి తిరగాలో బయలుదేరకముందే మ్యాపు మీద గుర్తు పెడతాను. మూడు, నా కోసం ఎదురుచూసేవాళ్ళకు ముందే చెబుతాను: "వాతావరణం బాగుంటే వస్తాను. లేకపోతే రేపు వస్తాను, లేదా కారులో వస్తాను."

ఈ మూడో నియమంలో మీకూ భాగం ఉంది. గాలిలో ఉన్నవాడి మీద ఒత్తిడి చాలాసార్లు నేల మీద నుంచే వస్తుంది. "అందరూ వచ్చేశారు, నీదే ఆలస్యం" అన్న ఫోను పైలట్‌కే కాదు, జనవరిలో తెల్లవారుజామున పొగమంచులో హైవే మీద కారు నడిపేవాడికీ వెళ్తుంది. నేను ఆలస్యంగా చేరిన రోజు గృహప్రవేశం చేసుకున్న మిత్రుడు మొహం ముడుచుకోలేదు. అతని తల్లిగారు మళ్ళీ విస్తళ్ళు వేయించి, "క్షేమంగా వచ్చారు, అదే చాలు బాబూ, ముందు తినండి" అన్నారు. ఆ మాట వల్లే ఆ తర్వాత నాలుగైదుసార్లు ప్రయాణం మానుకోవడానికి నాకు మొహమాటం అడ్డు రాలేదు.

పిల్లలూ, మీలో ఎవరైనా పైలట్ అయితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. విమానం నడపడం కష్టమేమీ కాదు, నేర్పుతారు. "ఈ రోజు వెళ్ళను" అనడం మాత్రం మీరే నేర్చుకోవాలి. పెద్దలకు నా మనవి ఒకటే. మీవాళ్ళు ఎవరైనా మంచు చూసి ఆగిపోయామని ఫోన్ చేస్తే, ఎందుకు రాలేదని అడగకండి. మంచి పని చేశావని చెప్పండి.

మా తాతగారు లైసెన్సు లేని మనిషి. ఎండ వచ్చేదాకా గట్టు మీద కూర్చునేవారు. ఎండ వచ్చాక తాడు విప్పేవారు. ఆయన దోనె ఎన్నడూ తిరగబడలేదు.