మోటు మాటకు నామోషీ ఎందుకు?
(పల్లె సంఘాల కూటమిలో చేసిన ప్రసంగం)

 

ఇవాళ పెత్తందార్లను తిట్టడానికి నిలబడలేదు. మన గురించే నాలుగు మాటలు. నలుగురిలో లేచి నిలబడగానే మనకు కాళ్లెందుకు వణుకుతాయి? "నాకు మాట్లాడటం రాదన్నా, వాళ్లలాగా చెప్పలేను" అని ఎందుకంటాం? ఎవరా వాళ్లు?

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మా పల్లె శ్మశానం గట్టును పక్క పొలం ఆసామి ఏటా మూరెడు మూరెడు జరుపుకుంటూ వచ్చాడు. అర్జీ పెట్టాం. విచారణకు అధికారి వచ్చాడు. పాత హద్దు తెలిసింది మాలో ఒక్క పెద్దమ్మకే. పెనిమిటిని ఏ తుమ్మచెట్టు కింద పూడ్చారో, అక్కణ్ణుంచి గట్టు ఎన్ని అడుగులో ఆమెకు తెలుసు. ఆ పొలంలో నలభై ఏళ్లు కలుపు తీసిన మనిషి. కానీ ఆమెది మోటు మాట, మధ్యలో తిట్లు దొర్లుతాయి. మాకు నామోషీ అయింది. బీఏ చదివిన తమ్ముణ్ణి ముందుకు తోశాం. తమ్ముడు రాజ్యాంగం గురించి బాగానే చెప్పాడు. "సరేనయ్యా, హద్దు ఎక్కడ?" అని అడిగితే నోరు పెగల్లేదు. ఆసామి మనుషులు నవ్వారు. అధికారి జీపెక్కాడు. పెద్దమ్మ వెనక వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే ఉంది. ఆమె నోరు ఆసామి మూయించలేదు. మేం మూయించాం.

మూడు తరాలుగా ఇంట్లో పుస్తకాలున్నోడితో, ఇంట్లో మొదటిసారి పలక పట్టినోడిని తూస్తే ముల్లు ఎటు మొగ్గుతుంది? ఆ కాటా ఎవరిది, రాళ్లు ఎవరివి అని అడక్కుండా మనమే పోయి తక్కెడలో కూర్చుంటున్నాం.

బాబాసాహెబ్ సంగతి చూడండి. హైస్కూల్లో సంస్కృతం చదువుకుంటానంటే అంటరానివాడికి చెప్పం అన్నారు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 1946లో 'శూద్రులెవరు?' పుస్తకం తెచ్చినప్పుడు, మత చరిత్ర నీ పని కాదని హెచ్చరించినవాళ్లున్నారు. ముందుమాటలోనే ఆయన వాళ్లకు జవాబిచ్చారు. సంస్కృతంలో పాండిత్యం లేదు, ఆ లోటు ఒప్పుకుంటున్నానన్నారు. అంతమాత్రాన ఈ పనికి పనికిరానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఇంగ్లీషు అనువాదాల్లో పదిహేనేళ్లు చదివాను, నాలాంటి మామూలు తెలివిగలవాడికి అది చాలునన్నారు. కొలంబియాలో, లండన్‌లో డాక్టరేట్లు పుచ్చుకున్న మనిషి అన్న మాట అది! లోటు దాచలేదు, దానికి తలా దించలేదు.

లోటు ఒప్పుకోవడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమనుకునే తమ్ముళ్లు ఆ పదిహేనేళ్లు మర్చిపోవద్దు. మా సంఘం చందా లెక్కలు నాలుగు నెలలుగా రాయలేదు. దానికి కులం కారణం కాదు. మా బద్ధకం. అన్నీ మనువు మీదకు తోస్తే ఎట్లా?

మన ఇళ్లల్లో కూడా ఈ తూకం నడుస్తూనే ఉంది. "వాళ్లోడు ఇంజనీరయ్యాడు, నువ్వు ఇంకా మేస్త్రీ వెనకే తిరుగుతున్నావు" అని తల్లే అంటుంది. ఆ పిల్లగాడు ఇక మీటింగుకు వస్తాడా? గోడ నిలువుగా కట్టడం వచ్చినోడు మన సంఘానికి అక్కర్లేదా?

సోమవారం మళ్లీ అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసుకు పోతున్నాం. పెద్దమ్మను రమ్మంటే మండిపడింది. "అప్పుడు ఎనక్కి నెట్టి ఇప్పుడు రమ్మంటారేందిరా?" అంది. ఆమె కోపం న్యాయమే. రెండు రోజులు ఆమె గడప చుట్టూ తిరిగితే ఒప్పుకుంది. ముందు ఆమే మాట్లాడుతుంది, తిట్లొస్తే తిట్లతోనే. బీఏ తమ్ముడు పక్కన కూర్చుని ఆమె చెప్పింది చెప్పినట్టు కాయితం మీద పెడతాడు. ఇరుగు పొరుగు పల్లెలోళ్లు మీరూ కదలాలి. పొద్దున ఏడింటి బస్సుకే బయల్దేరతాం.