నీళ్లలో నిలబడ్డ పైరు ఎందుకు వాడిపోతుంది?

(సంఘం రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇది మనందరం చూసిందే. ముసురు పట్టి మిరప తోటలో, పత్తి చేలో రెండు మూడు రోజులు నీళ్లు నిలుస్తాయి. వాన వెలిసి ఎండ కాయగానే, మొదలంతా నీళ్లలో ఉన్న మొక్క నీరు అందనట్టు తల వాల్చేస్తుంది. ఎందుకు?

జవాబు వేరులో ఉంది. వేరుకూ గాలి కావాలి. మట్టి సందుల్లో నీళ్లు చేరితే గాలి బయటికి పోతుంది. నీటిలో ఆక్సిజన్ గాలిలోకంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మిగిలిన కాస్తా త్వరలోనే అయిపోతుంది.

అప్పుడు వేరులోని ప్రోటీన్ల పని మారిపోతుంది. ప్రోటీన్లంటే పప్పులో ఉండేవే కావు. వేరులో ప్రతి పనీ చేసే కూలీలు అవే. నీటిని లోపలికి వదిలే గేట్ల లాంటి ప్రోటీన్లు వేరు కణాల పొరల్లో ఉంటాయి. వాటిని ఆక్వాపోరిన్లు అంటారు. గాలి ఆడక కణంలో ఆమ్లత్వం పెరిగితే ఈ గేట్లు మూసుకుంటాయి. చుట్టూ నీళ్లున్నా లోపలికి రావు. అందుకే మొక్క వాడుతుంది.

రెండో మార్పు ఇంకా పెద్దది. ఆక్సిజన్ అందని మొక్కజొన్న వేరు మామూలు ప్రోటీన్ల తయారీని దాదాపు ఆపేసి, 20 వరకు ప్రత్యేక ప్రోటీన్లనే తయారు చేస్తుందని 1980లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. వీటిలో చాలావరకు చక్కెరను ఆల్కహాలుగా మార్చి ప్రాణం నిలిపేవే. కానీ గాలి ఉన్నప్పుడు ఒక గ్లూకోజు నుంచి 30 పాళ్ల శక్తి వస్తే, ఇలా వచ్చేది 2 పాళ్లే. విత్తనపు గింజలు వండుకు తిన్నట్టన్నమాట. చక్కెర అయిపోతే వేరు కొసలు చచ్చిపోతాయి. నీరు తీశాక ఒక్కసారిగా గాలి తగలడంతో దెబ్బతిన్న కణాలకు మరో దెబ్బ. నీళ్లలో పచ్చగా కనిపించిన చేను ఆ తర్వాత ఎండిపోవడానికి ఇదీ ఒక కారణం.

వరి సంగతి వేరు. దాని వేర్లకు పై నుంచి గాలి అందే గొట్టాలున్నాయి. కానీ మొక్క మొత్తం మునిగితే వరీ తట్టుకోలేదు. ఒడిశా దేశవాళీ రకం ఎఫ్ఆర్13ఎలో ఉన్న సబ్1 జన్యువును మన మారుటేరు స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ-సబ్1 విడుదల చేశారు. మునిగినప్పుడు ఎదుగుదల ఆపి చక్కెరను పొదుపు చేసుకోవడం దీని గుణం. రెండు వారాల వరకు మునక తట్టుకుంటుంది. మిరపకు, పత్తికి, మొక్కజొన్నకు మాత్రం ఇలాంటి ఆసరా లేదు. వాటికి నీరు తీయడమే మందు.

అందుకే మొదట బోదెలు తెంచి నీరు తీయాలి. నేల ఆరగానే అంతరకృషి చేసి మట్టికి గాలి ఆడనివ్వాలి. దెబ్బతిన్న వేరు పోషకాలు తీసుకోలేదు కనుక లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి ఆకుల మీద పిచికారీ చేయాలి.

కానీ చేలో నీరు తీసినా పోవడానికి దారి ఉండాలి కదా! మురుగు కాల్వలు గుర్రపుడెక్కతో, తూడుతో పూడిపోయి ఉన్నాయి. డెల్టాలో మురుగు కాల్వల కోసమని 1968లోనే సెస్సు చట్టం చేశారు. పూడిక తీత జూన్ లోపే జరగాలి, వరద వచ్చాక కాదు.

ఇక నష్టం లెక్క. 33 శాతం పంట పోతేనే పెట్టుబడి రాయితీ. నీరు తీసిన మర్నాడు వచ్చి ఆకు పచ్చగా ఉందని రాసుకుపోతే, వేరులో జరిగిన నష్టం ఆ కాగితంలో ఉండదు. కాబట్టి మన డిమాండ్లు రెండు. నీరు ఎన్ని రోజులు నిలిచిందో నమోదు చేయాలి. నీరు తీసిన వారం తర్వాత చేను మళ్లీ చూడాలి.

ఈసారి అధికారి చేలోకి వస్తే రెండు మొక్కలు పీకి వేర్లు చూపించండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా ఉంటుంది. చచ్చిన వేరు నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడి వస్తుంది. ఫొటో తీసి, తేదీ రాసి సంఘానికి ఇవ్వండి.