గాలము, వల, చెరువు
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



గంగపుత్రుల సభలో చేపనుగూర్చి మాటలాడుట కమ్మరివీథిలో సూదులమ్ముట వంటిదని మేమెరుగుదుము. అయినను సికింద్రాబాదునకు ఉత్తరదిశనున్న మా యాప్రాల్ చెరువుకట్టపై నడచుచున్న యొక తగవు మమ్ము నేడిచ్చట నిలువబెట్టినది. సెలవుదినములలో పట్నపు యువకులు గాలపుకర్రలతో వచ్చి కట్టపై గూర్చుందురు. మనవారు కొందరు ‘మా చెరువులో మీకేమి పని?’ యని వారిని తరుముదురు. వారు ‘నీరు దేవుడిచ్చినది’ యని బదులాడుదురు. ఈ రెండు మాటలును సగము సత్యములే యని మా యభిప్రాయము. తక్కిన సగమును విచారించుటయే నేటి యుపన్యాసమునకు విషయము.

గాలపువేట తెల్లదొరలు తెచ్చిన వినోదమని మనలో ననేకులు తలతురు. అది సరికాదు. కల్యాణపురము రాజధానిగా నేలిన పశ్చిమచాళుక్యప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము గలదు. అందు మత్స్యజాతులును, వానికి వేయదగు మేతలును, గాలముతో పట్టు విధానమును వర్ణింపబడినవి. రాజు వినోదార్థము గాలము వేసి యుండవచ్చును. కాని యే చేప యేమి మేయునో యాతనికి దెలిపినవారు జాలరులే యై యుందురని మా యూహ. అంతకు ఎంతో పూర్వమే అశోకచక్రవర్తి తన యైదవ స్తంభశాసనమున కొన్ని పర్వదినములయందు చేపలను చంపరాదనియు, అమ్మరాదనియు శాసించెను. జాలరుల యధీనమందలి నీటిపట్టులును అందు పేర్కొనబడినవి. కావున వృత్తి, వినోదము, నియమము అను మూడును మనదేశమున ప్రాచీనములే. ఒకదానికొరకు మరియొకదానిని వెడలగొట్ట నక్కరలేదు.

ఇక చేపల సంగతి. మన చెరువులలో పెంచబడు పెద్దజాతులు బొచ్చె, రోహు, మృగాల. బొచ్చె పైనీటను, రోహు నడినీటను, మృగాల యడుగునను మేయును. బంగారుతీగ పరదేశపు చేప. దానిలో నొక తెగ 1939లో సింహళమునుండి నీలగిరులకును, మరియొక తెగ 1957లో బ్యాంకాకునుండియు మనదేశమునకు వచ్చినవి. అడుగుబురదను పెళ్లగించి మేయుట దాని స్వభావము. కావుననే గాలమెరిగినవాడు మొదట నీటిలోతు చూచి, బెండును పైకో క్రిందికో జరిపి, తవుడును వేరుసెనగచెక్కయు కలిపిన పిండిముద్దను గ్రుచ్చి, ఓపికతో గూర్చుండును. తొందరపడినవానికి మిగులునది వట్టిగాలమే.

ఈ జాతులలో బొచ్చె, రోహు, మృగాల యను మూడును నిలువనీటి చెరువులో సహజముగా గ్రుడ్లు పెట్టవు. వర్షాకాలమున పొంగిన నదులే వానికి పురిటిండ్లు. పూర్వము ఆ వరదనీటనే పిల్లలనేరి తెచ్చెడివారు. 1957 జూలై 10వ తేదీన ఒడిసాలోని అంగుల్‌నందు హీరాలాల్ చౌధురీ, అలీకున్హి యను శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి రసమును సూదిచే నెక్కించి వీనిని గ్రుడ్లు పెట్టించిరి. ఆ తేదీనే జాతీయ మత్స్యరైతు దినముగా జరుపుచున్నారు. 2016 మొదలు తెలంగాణ ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలు పథకము నారంభించినది. కావున యువకులారా, నీరు దేవుడిచ్చినదే. బొచ్చె మాత్రము దేవుడు వదలినది కాదు. ఎవరో పిల్లను దెచ్చి, వదలి, కావలికాచి పెంచినదది.

మరి మనవారి మాటలోని సగమేది? ‘మా చెరువు’ అనుమాట పుట్టుకచేతనే నిలువదు, సంరక్షణచేత నిలుచును. ఒక వానకాలమున మూడుదినములు మబ్బు విడువలేదు. ఎండలేనిచో నీటిలోని పచ్చదనము ప్రాణవాయువును చాలినంత విడువదు. రాత్రియంతయు తానే పీల్చుకొనును. మురుగు కుళ్లి మిగిలినదానిని హరించును. నాలుగవనాటి తెల్లవారుజామున చేపలు పైకి దేలి నోళ్లు తెరచి రొప్పుచుండెను. మొదట చూచి మా యింటికి పరుగెత్తి వచ్చినవాడెవడు? మనవారు తరిమిన గాలపు కుర్రవాడే! మేమందరము ఆ వారమున చెరువు ముఖము చూచినవారము కాము. 2017లో గండిగూడెము చెరువున చేపలు గుట్టలుగా చచ్చినపుడు గూడ, నీరు పాడగుట యొక్కదినపు పని కాదుగదా!

ఇంకొక మాట చెప్పుకొనుటకు మాకు సిగ్గగుచున్నది, అయినను దాచుట తగదు. ఆనాడు తేలిన చేపలను బుట్టల కెత్తి బజారునకు పంపుదమని మనలో నొకరనిరి. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు నీతి బోధించిన మేము అచ్చటనే యుంటిమి. నష్టమును దలచి వలదనుటకు మాకు నోరు రాలేదు. అప్పుడు చేపలమ్మి జీవించు నొక యవ్వ మా వంక జూచి, ‘బిడ్డా, మనం తినని చేప మందికెట్ల అమ్ముతం?’ అనెను. గుంట త్రవ్వి పూడ్చితిమి. శాస్త్రము చదివినది మేము; ధర్మమెరిగినది ఆమె.

కావున మహాసభవారికి మా విన్నపములివి. గాలమువారిని తరుమక, సహకార సంఘములు వారికి రుసుముపై చీటీలియ్యవలెను. పిల్లలు వదలిన తరువాత కొన్నినెలలు గాలము నిషేధింపవలెను. చిన్నచేపను తడిచేతితో పట్టి నీటనే విడువవలెను. ఆ రుసుము గుర్రపుడెక్క తీయుటకును, నీటిపరీక్షకును మాత్రమే వ్యయింపవలెను. 2000వ సంవత్సరమున మనదేశమున నిషేధింపబడిన ఆఫ్రికా మార్పుచేపను ఎంత లాభము వచ్చినను చెరువులో వేయరాదు. చచ్చి తేలిన చేపను అమ్మబోమని ప్రతి చెరువు సంఘమును తీర్మానము చేయవలెను. పోషక మహాశయులు వేదికల యలంకారమున కిచ్చు ధనములో నొక భాగముతో మన బాలబాలికలను వనపర్తి జిల్లా పెబ్బేరు మత్స్యశాస్త్ర కళాశాలవంటి చోట్ల చదివింపుదురుగాక!

దాశరాజు ఇంట పెరిగిన సత్యవతి తండ్రియాజ్ఞచే యమునపై ధర్మార్థము పడవ నడపెనని భారతము చెప్పుచున్నది. ఒడ్డునకు వచ్చినవారిని దాటించుట ఆమె పని. మన కులమునకు అంతకంటె ఘనమైన వంశవృక్షము అక్కరలేదు. ఒడ్డునకు వచ్చినవానిని శత్రువుగా గాక తోటి కావలివానిగా చేసికొందము. చెరువు బ్రతికిన గాలమును బ్రతుకును, వలయును బ్రతుకును.