బోరు వేయుటకు ముందు



రైతు కుటుంబమునకు బోరు వేయించుట చిన్న నిర్ణయము కాదు. బోరు ఎండినను అప్పు ఎండదు. రాయలసీమలో ఒకే చేనిలో రెండు మూడు బోర్లు వేయించియు నీరు పడక, నగలు కుదువ పెట్టిన కుటుంబములను మనమెరుగుదుము.

కావున ముందుగా సలహా అడుగవలెను. ఎవరిని? బోరు బండి యజమానికి లోతు పెరిగినకొలది రాబడి పెరుగును. అప్పిచ్చువానికి వడ్డీ పెరుగును. తనకు లాభము లేనివాని మాటకే విలువ యెక్కువ. ఎన్ని అడుగులకు నీరు పడినదో, వేసవిలో నిలిచినదో ప్రక్క చేని రైతు చెప్పును. నేలను పరీక్షించుటకు భూగర్భజల శాఖ నిపుణులు కలరు. 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపున అనుమతి లేక బోరు వేయరాదని ముందే తెలిసికొనవలెను. ఇంటిలో ఇల్లాలితోను ఆలోచింపవలెను; అప్పు తీర్చు భారము ఆమెదియు గదా!

సలహా నలుగురిదైనను నిర్ణయము రైతుదే. అతడు అడిగిన నాడు చెప్పుటకు మనము సిద్ధముగా నుండవలెను. మన ఊరి బోర్ల లోతు, నీటి వివరములు పుస్తకములో వ్రాయించి, ప్రతి గ్రామసభలో చదివింతము.